పిట్ట కన్ను స్పష్టంగా పడాలంటే...

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో, లైఫ్ సర్టిఫికెట్టు గురించో మాట్లాడుకుంటాం. ఆ విషయాలు చెప్పడానికి నాకన్నా సమర్థులు వేదిక మీదే ఉన్నారు. పదవీ విరమణ తర్వాతి కాలక్షేపాల మీద కూడా ఈసారి ఒకరు మాట్లాడితే బాగుంటుందని కార్యదర్శిగారు అన్నారు. "మీరు మెడలో ఆ ఫిరంగి తగిలించుకుని చెరువు గట్ల వెంట తిరుగుతుంటారు గదా, దాని సంగతే చెప్పండి" అని నన్ను లేపి నిలబెట్టారు. ఫిరంగి అంటే మరేం లేదు, నా కెమెరాకు ఉన్న 400 మిల్లీమీటర్ల లెన్సు.

నేను రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే బయటికి వచ్చినవాణ్ణి. శాస్త్రం చదువుకోలేదు. పక్షుల ఫోటోలు తీయడం రిటైరయ్యాకే పట్టుబడింది. కాబట్టి పండితుడిలా కాకుండా, ఫైలు చూసి నోటు రాసే పద్ధతిలో చెబుతాను.

మనవాళ్లలో ఈ సరదా ఇప్పుడు బాగా పెరిగింది. అమెరికా నుంచి వస్తూ పిల్లలు ఒక కెమెరా తెచ్చిపెడతారు. లేదా గ్రాట్యుటీ చేతికి వచ్చిన ఉత్సాహంలో మనమే కొనుక్కుంటాం. నెల తిరిగేసరికి అందరి నోటా ఒకటే ఫిర్యాదు: "బొమ్మ మసగ్గా వస్తోందండీ." దాని వెనకే రెండో మాట: "ఇంకా పెద్ద లెన్సు కొనాలేమో." పెన్షను డబ్బుకు గండి పడేది సరిగ్గా ఇక్కడే. పెద్ద లెన్సులంటే వేలల్లో మొదలై లక్షల్లోకి పోతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మసక అనేది ఒక జబ్బు కాదు, అయిదారు జబ్బులకు ఉన్న ఒకే లక్షణం. ఏ జబ్బో తేల్చకుండా మందు కొనకండి. చాలా జబ్బులకు మందు అంగట్లో లేదు, మన చేతుల్లోనే ఉంది.

దీనికి ఒక ఉదాహరణ చెప్పుకోవడానికి నా మిత్రులొకరు అనుమతి ఇచ్చారు. పేరు చెప్పను. ఆయన శ్రీమతి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి మంచానికీ కుర్చీకీ మధ్యనే ఆమె లోకం. ఆమె పుట్టినిల్లు గుంటూరుకు దగ్గర్లోని ఉప్పలపాడు వైపు. అక్కడి చెరువులో చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్కు కొంగలు, తెల్ల కంకణాలు వచ్చి గూళ్లు కడతాయని మీలో చాలామందికి తెలుసు. ఊరివాళ్లు వాటిని తమ బిడ్డల్లా చూసుకుంటారు. చిన్నప్పుడు వాటి మధ్యనే తిరిగిన మనిషి ఇప్పుడు అక్కడిదాకా పోలేరు. అందుకని ఈయన వెళ్లి ఫోటోలు తెచ్చి టీవీలో పెట్టి చూపిస్తారు. ఫోనులో బాగానే ఉన్న బొమ్మ టీవీకి ఎక్కేసరికి మసక అంతా బయటపడుతుంది. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఆమె, "అన్నయ్యగారూ, పిట్టలు వచ్చాయి గాని వాటి కళ్లు రాలేదండీ" అన్నారు. ఆ మాటతో మా మిత్రుడు ఫిక్స్‌డ్ డిపాజిట్టు పగలగొట్టి 600 మిల్లీమీటర్ల లెన్సు కొనడానికి సిద్ధపడ్డారు.

"ఆగండి, ముందు ఆడిట్ చేద్దాం" అన్నాను. ఒక మధ్యాహ్నం కూర్చుని రెండు వందల చిల్లర ఫోటోలు కంప్యూటరులో పెద్దవి చేసి చూశాం. మనకు సర్వీసు రిజిస్టరు ఉన్నట్టే డిజిటల్ ఫోటోకు కూడా ఒక రిజిస్టరు ఉంటుంది. ఫోటో వివరాలు తెరిస్తే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత షట్టరు వేగంతో, ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో అన్నీ నమోదై ఉంటాయి. బొమ్మను, ఆ వివరాలను పక్కపక్కన పెట్టుకుంటే అభ్యంతరాలు వాటంతటవే విడిపోతాయి. ఎలా విడదీయాలో చెబుతాను. ఇళ్లకు వెళ్లాక మీరూ చేసి చూడండి.

మొదటిది: పిట్ట, కొమ్మ, ఆకు అన్నీ ఒకే వైపుకు సాగినట్టు, గీతలు రెండేసి పడ్డట్టు ఉంటే కెమెరా కదిలిందని అర్థం.

రెండోది: కొమ్మ స్పష్టంగా ఉండి, పిట్ట తలో రెక్కో మాత్రమే చెదిరితే పిట్ట కదిలింది. మన చేయి బాగానే ఉంది, షట్టరు వేగం చాలలేదు.

మూడోది: పిట్ట మసగ్గా ఉండి, దాని ముందున్న గడ్డిపోచో వెనకున్న ఆకో కత్తిలా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది.

నాలుగోది: ఎక్కడా ఏదీ స్పష్టంగా లేదు, నిటారుగా ఉండాల్సిన రెల్లు వంకర్లు పోయింది, వెంటవెంటనే తీసిన నాలుగు బొమ్మల్లో మసక నాలుగు రకాలుగా ఉంది. అప్పుడు తప్పు గాలిది. ఎండకు వేడెక్కిన గాలి అలలు అలలుగా లేస్తూ బొమ్మను చెదరగొడుతుంది. పొయ్యి మీదుగా అవతలి గోడను చూస్తే గోడ ఊగినట్టు కనపడదూ, అదే.

అయిదోది: పిట్ట మరీ దూరంగా ఉండి, బొమ్మలో చింతగింజంత పడితే, దాన్ని కోసి పెద్దది చేసినప్పుడు వివరం ఉండదు. లేని వివరాన్ని ఏ యంత్రమూ నిజంగా పుట్టించలేదు.

ఆరోది: బొమ్మ అంతా పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లెన్సు మీద దుమ్ము, వేలిముద్రలు, లోపల బూజు, లేదా ముందు తగిలించిన చవకరకం ఫిల్టరు కారణం కావచ్చు. ఫిల్టరు తీసి ఒకటి, పెట్టి ఒకటి తీసి పోల్చుకోండి.

మా మిత్రుడి ఫోటోల్లో ఏం తేలింది? సగానికి పైగా ఉదయం పదకొండుకూ మధ్యాహ్నం మూడుకూ మధ్య, చెరువు ఈ గట్టు నుంచి అవతలి చెట్ల మీదికి తీసినవి. అంటే నాలుగో జబ్బు, అయిదో జబ్బు కలిసి ఉన్నాయి. మిగతావాటిలో చాలావరకు సెకనులో 250వ వంతు వేగంతో తీసినవి, అంటే మొదటిదీ రెండోదీ. లెన్సు మీద మోపదగిన నేరం ఒక్కటీ దొరకలేదు. 600 మిల్లీమీటర్ల లెన్సు కొని ఉంటే వేడిగాలిని మరింత పెద్దదిగా చేసి చూపించేది, అంతే.

ఆ తర్వాత ఆయన పొద్దున్నే ఆరున్నరకల్లా అక్కడికి చేరి, దగ్గరగా ఉన్న చెట్టు వైపు నిలబడి, గోడ మీద సంచీ పెట్టి, సెకనులో 1000వ వంతు వేగంతో తీశారు. లెన్సు అదే, కెమెరా అదే. టీవీలో పెట్టగానే ఆమె కళ్లద్దాలు తెప్పించుకుని, గూడబాతు ముక్కు మీద వరుసగా ఉండే చుక్కలు లెక్కపెట్టారు. మన ప్రాంతపు గూడబాతుకు ఇంగ్లీషు పేరు ఆ చుక్కల వల్లే వచ్చింది. ఫిక్స్‌డ్ డిపాజిట్టు బ్యాంకులోనే క్షేమంగా ఉంది.

ఇక ఒక్కొక్క మందు గురించి చెబుతాను.

పెద్ద లెన్సుతో వణుకు ఎందుకు ఎక్కువ కనపడుతుందో ముందు తెలుసుకోవాలి. ఫిల్ము కెమెరాల రోజుల్లో మనం వాడిన 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు అడ్డంగా దాదాపు 40 డిగ్రీల మేర చూస్తుంది. 400 లెన్సు చూసేది సుమారు 5 డిగ్రీలే. పిట్టను ఎనిమిది రెట్లు పెద్దది చేస్తే మన చేతి వణుకునూ ఎనిమిది రెట్లు పెద్దది చేస్తుంది. డెబ్బై దాటిన చేతులకు వణుకు సహజం. మరీ ఎక్కువగా ఉంటే డాక్టరుగారికి చూపించండి, ఫోటోల కోసం కాదు, మీ కోసం.

పాతకాలం నుంచీ ఒక లెక్క ఉంది. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో, షట్టరు వేగం కనీసం సెకనులో అన్నో వంతు ఉండాలి. 400 లెన్సుకు 400వ వంతు. ఇది 35 మిల్లీమీటర్ల ఫిల్ము కొలతకు చెప్పిన లెక్క. చాలా కెమెరాల్లో సెన్సరు దానికన్నా చిన్నది కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి, అంటే 600వ వంతు. ఇది స్థిరమైన చేతుల సంగతి. మన వయసుకు కూర్చున్న పిట్టకే 1000వ వంతు పెట్టుకుంటే మంచిది. ఎగిరే పెద్ద పక్షికి 2000వ వంతు, రెక్కలు గబగబా కొట్టే చిన్న పిట్టకు ఇంకా ఎక్కువ కావాలి.

"లెన్సులోనే వణుకు తగ్గించే ఏర్పాటు ఉందిగదా" అంటారు. ఉంది. 1995లో కెనన్ కంపెనీ ఇలాంటి ఏర్పాటున్న లెన్సును తమ ఎస్.ఎల్.ఆర్. కెమెరాలకు తెచ్చింది. ఇప్పుడు అన్ని కంపెనీలకూ ఉంది, ఒకరు ఐ.ఎస్. అంటే మరొకరు వి.ఆర్. అంటారు. అది మన చేతి వణుకును తగ్గిస్తుంది గాని, పిట్ట తల తిప్పితే ఆపలేదు గదా! దాన్ని నమ్ముకుని 60వ వంతుకు దిగితే కొమ్మ బాగా వస్తుంది, పిట్ట రాదు.

వేగం పెంచితే వెలుతురు తగ్గుతుంది. దానికి ఐ.ఎస్.ఓ. పెంచాలి. వేగం మనం నిర్ణయించి, ఐ.ఎస్.ఓ. సంగతి కెమెరాకు వదిలేయవచ్చు. ఐ.ఎస్.ఓ. పెరిగితే బొమ్మ రవ్వ చల్లినట్టు గరుకుగా వస్తుందని భయపడకండి. గరుకును తర్వాత కంప్యూటరులో చాలావరకు నునుపు చేయవచ్చు. కదిలిన బొమ్మను నిలబెట్టడం చాలా కష్టం.

రెండోది ఆధారం. ట్రైపాడ్ మంచిదే గాని మోయాలి. దానికన్నా మన వయసుకు అనువైనది గింజల సంచీ. పాత ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి, రెండు చివరలా కుట్టించి, ఒకటిన్నర కిలో ఉలవలో బియ్యమో పోయండి. కాస్త వదులుగా ఉండాలి. గోడ మీదో, కారు కిటికీ మీదో పెట్టి లెన్సును అందులో ఒత్తితే తొట్టెలో పసిబిడ్డలా ఒదిగి కదలకుండా ఉంటుంది. ఖర్చు కుట్టుకూలి మాత్రమే. నెలకోసారి ఎండబెట్టండి, పురుగు పట్టకుండా. కారులో కూర్చుని తీసేటప్పుడు ఇంజను, ఏసీ రెండూ ఆపండి. ఇంజను నడుస్తుంటే బండి అదురుతుంది. చల్లటి గాలి, వేడి గాలి కిటికీలో కలిసినా బొమ్మ చెదురుతుంది.

ట్రైపాడ్ వాడేవారికి రెండు మాటలు. మధ్య కడ్డీని పైకి లేపకండి. కొన్ని పాత లెన్సుల్లో వణుకు తగ్గించే మీటను ట్రైపాడ్ మీద ఆపేయాలి, లేకపోతే లేని వణుకును వెతుక్కుంటూ అదే కదులుతుంది. లెన్సుతో వచ్చిన పుస్తకం చూసుకోండి.

చేత్తోనే తీయాలంటే ఎడమ అరచేయి లెన్సు కింద, బరువు మోస్తూ ఉండాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. చెట్టుకో స్తంభానికో భుజం ఆనించండి. ఊపిరి సగం వదిలి, మీటను నొక్కకుండా మెల్లగా అదమండి. నాలుగైదు బొమ్మలు వరసగా తీయండి. వేలు అదిమిన అదురు మొదటి బొమ్మలో ఉంటుంది, రెండోది మూడోది తరచు నిలకడగా వస్తాయి.

మూడోది ఫోకస్. పెద్ద లెన్సులో స్పష్టంగా పడే లోతు ఎంత తక్కువో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 35 మిల్లీమీటర్ల కొలతలో, 400 లెన్సుతో ఎఫ్ 5.6 దగ్గర 10 మీటర్ల దూరపు పిట్టను తీస్తే ముందూ వెనకా కలిపి స్పష్టంగా ఉండేది సుమారు జానెడు. 5 మీటర్లకు వస్తే 5 సెంటీమీటర్లే. కొంగ రెక్కకు ఫోకస్ పడితే కన్ను పోతుంది. మనిషి ఫోటోలో లాగే పిట్ట ఫోటోలోనూ చూసేవాడు ముందు కన్నునే వెతుకుతాడు. కాబట్టి కెమెరాకు చోటు ఎంచుకునే పెత్తనం ఇవ్వకుండా, ఒక్క బిందువునే ఎంచుకుని కన్ను మీద పెట్టండి. 2020 తర్వాత వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి పిట్ట కన్నును తామే వెతికి పట్టుకునే తెలివి ఉంది. అయినా కొమ్మల గుబురులో అవీ తడబడతాయి. వెలుతురు బాగా ఉంటే ఎఫ్ 8 పెట్టుకోండి, లోతు కొంచెం పెరుగుతుంది.

ఇక్కడ మన వయసువారికి ప్రత్యేకంగా ఒక మాట. కెమెరాలో కన్ను పెట్టి చూసే చోటు పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కంటి పవరు మారుతుంది, చక్రం మాత్రం పాత పవరు దగ్గరే ఉంటుంది. లోపల కనిపించే అంకెలు స్పష్టంగా తెలిసేవరకు దాన్ని తిప్పండి. ఆటోఫోకస్‌తో తీస్తే దీనివల్ల బొమ్మ మారదు గాని, ఫోకస్ పడిందో లేదో మీకు తెలుస్తుంది. కెమెరా పాడైందని షాపుకు పరుగెత్తే ముందు ఈ చక్రం తిప్పి చూడండి.

నిజంగా లెన్సులోనే దోషం ఉందేమో ఎలా తెలుస్తుంది? పొద్దున్నే గోడకు దినపత్రిక అంటించి, కెమెరాను గింజల సంచీ మీద గట్టిగా పెట్టి, రెండు సెకన్ల టైమరుతో పది బొమ్మలు తీయండి. అక్షరాలు స్పష్టంగా వస్తే లెన్సు నిర్దోషి. పదీ ఒకేలా మసగ్గా వస్తే అప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళ్లండి.

కొనక తప్పదనుకుంటే మిల్లీమీటర్లకన్నా ముందు బరువు అడగండి. 600 ఎఫ్ 4 లెన్సులు పాతవి 5 కిలోలు దాటేవి ఉన్నాయి. కొత్తవి 3 కిలోల దాకా ఉంటాయి. 150 నుంచి 600 దాకా జరిగే మధ్యరకం లెన్సులు దాదాపు 2 కిలోలు. షాపులో రెండు నిమిషాలు కాదు, పావుగంట ఎత్తి పట్టుకుని చూడండి. మోయలేని లెన్సు బీరువాలోనే ఉండిపోతుంది. ఉన్న లెన్సుకు రెండు రెట్ల టెలికన్వర్టరు తగిలిస్తే దూరం దగ్గరవుతుంది గాని వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

దగ్గరికి వెళ్లడమే అన్నిటికన్నా మంచి మందు అన్నాను. కాని గూడు దగ్గరికి కాదు. మనల్ని చూసి తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. మనకు ఒక బొమ్మ, దానికి ఒక సంసారం. కొమ్మలు విరచడం, రాళ్లు వేసి ఎగరగొట్టడం, రికార్డు చేసిన కూత వినిపించి రప్పించడం పెద్దరికానికి తగిన పనులు కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేలపట్టు, కొల్లేరు వంటి రక్షిత ప్రాంతాలకు అటవీశాఖ నిబంధనలున్నాయి. రూల్సు మనకు ఒకరు చెప్పాలా! మనం కదలకుండా అరగంట కూర్చుంటే పిట్టే దగ్గరికి వస్తుంది. ఆ అరగంట ఉద్యోగంలో ఉన్న కుర్రవాళ్ల దగ్గర లేదు. మన దగ్గర ఉంది.

బయటికి పోలేనివారు ఇంటి గోడ మీదే సాధన చేయవచ్చు. మూకుట్లో నీళ్లు పోసి పెడితే గోరింకలు, కాకులు, పిచ్చుకలు వస్తాయి. పొలం వైపు వెళ్లగలిగితే గుడ్డి కొంగను మించిన గురువు లేదు. చేప కోసం బొమ్మలా నిలబడుతుంది. కదలని దాన్ని స్పష్టంగా తీయడం వచ్చాకే లకుముకి పిట్ట వెంట పడండి.

ఈ వయసులో ఇవన్నీ నేర్చుకోగలమా అని అనుకునేవారికి మద్రాసు ఎం. కృష్ణన్‌గారి సంగతి చెబుతాను. 1912లో పుట్టారు. అడవి జంతువులను నలుపు తెలుపుల్లో ఫోటోలు తీశారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. ప్రకృతి మీద పత్రికలో శీర్షిక 1950లో మొదలుపెట్టి, 1996లో 83వ ఏట కన్నుమూసేవరకు రాశారు. ఆటోఫోకస్ లేదు, వణుకు తగ్గించే ఏర్పాటు లేదు. ఓపిక ఉంది.

చివరిగా ఒక గుమాస్తా సలహా. చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, చోటు, పిట్ట పేరు, సుమారు దూరం, బొమ్మ ఎలా వచ్చింది, మసకైతే ఆరింటిలో ఏ జబ్బు అన్నది ఒక వరుసలో రాయండి. యాభై వరుసలు నిండేసరికి మీ జబ్బు మీకే తెలుస్తుంది. ఏ కాలంలో ఏ పిట్ట మీ ఊరికి వచ్చిందో కూడా అందులోనే ఉంటుంది. అది రేపు మనవలకు పనికొచ్చే రికార్డు.

 గింజల సంచీ ఒకటి నమూనాగా తెచ్చాను. టీ సమయంలో ఎవరైనా చూడవచ్చు. ఉలవలు మాత్రం తిరిగి ఇంటికి పట్టుకుపోవాలి, లెక్క చూసే ఇచ్చారు. సెలవు.